కొయ్యని అంచు

హాస్టల్, మూడో అంతస్తు
ఆగస్టు 3

అత్తయ్యా,

ఫోన్ చేస్తే ఎత్తవు. ఎత్తినా "మెషిన్ల మోతలో ఏమీ వినపడి చావదు, ఉత్తరం రాసి పడెయ్" అంటావు. రాసి పడేస్తున్నాను, చదువుకో.

ఈ ఏడాది మా చివరి ప్రాజెక్టు ఏమిటంటే, ఒక్కొక్కరం ఒక్కో కొత్త పత్రిక తయారు చెయ్యాలి. పేరు పెట్టడం దగ్గర్నుంచి వెనక అట్ట దాకా అన్నీ మనవే. నేను సంగీత పత్రిక అన్నాను. మా గైడు విని "బజారంతా అవేగా, నీది కొత్తగా ఏం చేస్తుంది?" అన్నాడు. ఆయన్ని మేం గీతల సార్ అంటాం. ఏ పేజీ చూపించినా ముందు జేబులోంచి స్కేలు తీసి నాలుగు గీతలు గీస్తాడు, తర్వాతే మాట్లాడతాడు.

డిసెంబర్ పన్నెండున ముగ్గురు జడ్జీలు వస్తారు. మొదటి స్థానం వచ్చిన పత్రికని నిజంగా అచ్చువేసి దుకాణాల్లో పెడతారట. పాస్ కాకపోతే ఏడాదంతా మళ్ళీ చదవాలి. నాన్న సంగతి నీకు తెలుసుగా, నీ తమ్ముడే. ఇప్పటికే "బొమ్మలు అతికించే చదువు" అంటున్నాడు. ఏడాది పోయిందంటే పెట్టె సర్దుకుని వచ్చెయ్యమంటాడు. కాబట్టి నాకిది చావో రేవో.

అంతా ఆలోచించాను. పెద్ద సైజు, ముప్పై పేజీలు, పట్టుకుంటే బరువుగా ఉండేలా మందపాటి కాగితం. అట్ట మీద ఒక పెద్ద గాయని మొహం. లోపల ఇంకో నలుగురు పెద్ద గాయకులు. ఇరవై రెండేళ్ళుగా బైండింగ్ చేస్తున్నావు, ఎలా ఉందో చెప్పు.

నీ మేనకోడలు

* * *

బైండింగ్ షెడ్డు
ఆగస్టు 11

పిల్లా,

ఈ ఉత్తరం రెండు వేళ్ళ వెడల్పున్న పట్టీల మీద ఉందేమిటని మొహం చిట్లించకు. మా కటింగ్ మెషిన్ కింద రాలిన ముక్కలివి. ఇంత మంచి కాగితం చెత్తబుట్టలో వేస్తే నాకు ప్రాణం ఒప్పదు. పైన అంకెలు వేశాను, వరసగా పెట్టుకుని చదువు.

ముప్పై పేజీలంటావా, పప్పులో కాలేశావు. ఒక కాగితం తీసుకుని మధ్యకి మడువు. ఎన్ని పేజీలయ్యాయి? నాలుగు. నడుం మీద పిన్ను కొట్టే పుస్తకం ఏదైనా నాలుగేసి పేజీలతోనే పెరుగుతుంది. ఇరవై ఎనిమిది చెయ్యి, లేదా ముప్పై రెండు చెయ్యి. ముప్పై చేస్తే ఆ మిగిలిన రెండు పేజీలూ మీ సార్ నెత్తిన అతికించాలి.

ముందు తెల్ల కాగితాలు ఎనిమిది మడిచి, ఒకదాంట్లో ఒకటి దోపి, పేజీలకి అంకెలు వేసి చూసుకో. దాన్ని డమ్మీ అంటారు. అప్పుడు నీకే తెలుస్తుంది, ఎదురెదురు పేజీలు రెండూ ఒకే కాగితం మీద ఉండేది నడిమధ్య ఒక్క చోటే. అతిముఖ్యమైనది అక్కడ పెట్టుకో.

ఇంక ఆ అయిదుగురు గాయకుల సంగతి. వాళ్ళ మొహాలు వారానికి నాలుగు పత్రికల మీద ఈ చేతుల్తోనే మడత పెడుతున్నాను. ఎవరికి ఏ పన్ను వంకరో కూడా చెప్పగలను. మళ్ళీ అవే మొహాల కోసం నీ పత్రిక ఎందుకు కొనాలి? మా పెద్దకత్తిని అడిగాను. పెద్దకత్తంటే కటింగ్ మెషిన్ నడిపే ఆయన. తల కూడా ఎత్తకుండా "నేను కొనను" అన్నాడు.

నాకు సంగీతం గురించి ఏమీ తెలియదు. కాగితం గురించి అడుగు, చెప్తాను.

అత్త

* * *

హాస్టల్
సెప్టెంబర్ 6

అత్తయ్యా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నీ మీద కోపంగా ఉన్నాను. మూడో రోజు డమ్మీ చేశాను. ముప్పై రెండు పేజీలు. ఆ అయిదుగురినీ తీసి అవతల పారేశాను. గాయకుల వెనక ఉండేవాళ్ళ కోసం వెతకడం మొదలుపెట్టాను. వయొలిన్‌కి తీగలు మార్చే ఆయన, డ్రమ్ముకి చర్మం బిగించే ఆవిడ, హార్మోనియంలో దుమ్ము ఊదే అన్నదమ్ములు. వాళ్ళు చెప్తుంటే రాసుకోడానికి నా చెయ్యి చాల్లేదు.

నిన్న ఒక రిటైరైన సౌండ్ రికార్డిస్టు ఇంటికి వెళ్ళాను. ఎనభై దాటాయి. చెవులు మాత్రం పాము చెవులు. మెట్లెక్కే చప్పుడు విని, నా ఎడమ చెప్పు అరిగిందని గుమ్మంలోకి రాకముందే చెప్పాడు. ఆయన దగ్గర ఒక పాత నోటుబుక్కు ఉంది. పాట రికార్డు చేసేటప్పుడు కోరస్ పాడే ఆడవాళ్ళు పదకొండు మంది ఒకే మైకు ముందు నిలబడేవారట. ఎవరు ఎక్కడ నిలబడాలో నేల మీద సుద్దముక్కతో గుర్తులు పెట్టి, ఎడమ నుంచి కుడికి పేర్లు పుస్తకంలో రాసుకునేవాడట. "రికార్డు అట్ట మీద వాళ్ళకి పేర్లుండవు తల్లీ. పాడింది ఫలానా ఆవిడ, బృందం అని వేస్తారు. ఆ బృందంలో ఎవరెవరున్నారో నా పుస్తకంలోనే ఉంది" అన్నాడు.

ఆరో పేరు రెండుసార్లు చదివాను. ఇంటిపేరుతో సహా నీ పేరు. పక్కన ఆయన చేతిరాతతో ఒక ముక్క: "అడుగు వెనక్కి". ఏమిటిదని అడిగాను. "ఆ అమ్మాయి గొంతు పెద్దది. అందరితో సమానంగా నిలబెడితే అసలు గాయని వినపడేది కాదు. అందుకని ప్రతిసారీ ఒక అడుగు వెనక్కి జరిపేవాణ్ణి" అన్నాడు.

సంగీతం గురించి ఏమీ తెలియని అత్తయ్యా, ఎవరావిడ? అట్ట మీద నీ ఫోటో వేస్తాను. ఈ శనివారం కెమెరా తీసుకుని వస్తున్నాను.

నీ కోడలు

* * *

బైండింగ్ షెడ్డు
సెప్టెంబర్ 10

రావద్దు. ఫోటో వద్దు, మాటలు వద్దు. నా గురించి ఒక్క వాక్యం రాసినా నీ పుస్తకానికి పిన్ను కొట్టను, మీ నాన్నతోనూ మాట్లాడను. ఆ ముసలాయనకి పని లేక పాత పుస్తకాలు దాచుకున్నాడు. నీకు చదువుంది, చదువుకో.

* * *

హాస్టల్
సెప్టెంబర్ 29

అత్తయ్యా,

పట్టీకి అంకె కూడా వెయ్యలేదంటే ఎంత కోపంలో ఉన్నావో అర్థమైంది. సరే. ఫోటో వెయ్యను. నీ గురించి ఒక్క వాక్యం రాయను. మాటిచ్చాను.

కానీ పత్రిక ఆపను. పేరు మార్చాను. "బృందం". గీతల సార్‌కి చూపించాను. అట్ట మీద మొహం లేదు, ఖాళీ మైకు, దాని ముందు నేల మీద సుద్ద గుర్తులు, అంతే. ఆయన స్కేలు తీశాడు, గీతలు గియ్యకుండానే మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "లోపల ఒక్క తెలిసిన పేరు లేదు. నేను మాత్రం జడ్జీలతో ఇది బావుందని చెప్పలేను. నవంబర్ దాకా టైముంది, మార్చుకో" అన్నాడు.

క్లాసులో అందరూ నన్ను జాలిగా చూస్తున్నారు. భయంగా ఉంది అత్తయ్యా. ఏడాది పోతే నాన్న ముందు ఎలా నిలబడాలో తెలియడం లేదు. అయినా మార్చబుద్ధి కావడం లేదు. నువ్వు కోపంలో ఉన్నా సరే, ఈ ఒక్కదానికి జవాబు చెప్పు. మొండికేస్తున్నానా, లేక నిజంగానే ఇందులో ఏదైనా ఉందా?

కోడలు

* * *

బైండింగ్ షెడ్డు
అక్టోబర్ 15

పిల్లా,

రెండు వారాలు నీ ఉత్తరం జాకెట్టులో పెట్టుకుని తిరిగాను. చెప్తే నువ్వు రాసేస్తావని భయం. మాటిచ్చావు కాబట్టి చెప్తున్నాను.

తొమ్మిదేళ్ళు పాడాను. పందొమ్మిదో ఏట మొదలుపెట్టాను. మొదటి పాట రికార్డు బయటికి వచ్చినరోజు దాన్ని గుండెలకి హత్తుకుని ఇంటికి తెచ్చాను. మా అమ్మ, అదే మీ నానమ్మ, చేతులు కడుక్కుని వచ్చి మరీ పట్టుకుంది. అట్ట ముందూ వెనకా చూసింది. పెద్ద గాయని పేరుంది, వాయించిన వాళ్ళ పేర్లున్నాయి. "నువ్వెక్కడే?" అంది. "బృందంలో ఉన్నానమ్మా" అన్నాను. అమ్మ ఆ మాట మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది. మీ నాన్నకి అప్పుడు పన్నెండేళ్ళు. "పాడి ఉండదమ్మా, ఊరికే చెప్తోంది" అని నవ్వాడు. అమ్మ వాణ్ణి కసిరింది గానీ, నా మొహంలోకి చూడలేకపోయింది. రికార్డు పెట్టి వినిపించాను. అందరి గొంతులూ కలిసిపోయి ఉన్నాయి. ఇది నేనేనని నాకే చూపించడం చేతకాలేదు.

ఆ తర్వాత మరెప్పుడూ రికార్డు ఇంటికి తేలేదు. స్టూడియో మూతపడ్డాక ఈ షెడ్డులో చేరాను. ఇక్కడ నేను కొట్టిన పిన్ను నాకు కనిపిస్తుంది, ఆ సంగతి నాకు చాలా బావుండేది.

నువ్వు అడిగినదానికి జవాబు. మొండికేస్తున్నావు. ఇందులో ఏదో ఉంది కూడా. రెండూ నిజమే. మార్చకు.

నా జోలికి మాత్రం రాకు.

అత్త

* * *

హాస్టల్
డిసెంబర్ 7

అత్తయ్యా,

మార్చలేదు. పేజీలన్నీ అచ్చయ్యాయి. నలభై ప్రతులకి సరిపడా కాగితాలు ఈ ఉత్తరంతో పాటు బస్సు పార్సెల్లో పంపుతున్నాను. మడిచి, పిన్ను కొట్టి, మూడు పక్కలా కోసి, పదకొండో తేదీ బస్సుకి వేస్తే చాలు. పన్నెండు పొద్దున పది గంటలకి జడ్జీలొస్తారు. నువ్వు తప్ప ఎవరు ముట్టుకున్నా నాకు నమ్మకం లేదు.

నీకిచ్చిన మాట తప్పలేదు. ఫోటో లేదు. నీ గురించి ఒక్క వాక్యం లేదు. మడత పెట్టేటప్పుడు మరీ పట్టి పట్టి చదవకు.

కోడలు

* * *

బైండింగ్ షెడ్డు
డిసెంబర్ 11

దొంగపిల్లా,

ముందు ఈ ఉత్తరం చదివి తర్వాత కట్ట విప్పు. లేకపోతే కట్ట చూసి మూర్ఛపోతావు.

పట్టి పట్టి చదవకంటే చదవనా? ఏడో పేజీ మడుస్తుంటే బయటి అంచు వెంట నిలువుగా ఒక పేరు కనిపించింది. మా బృందంలో ఎడమ చివర నిలబడే ఆవిడ పేరు. తొమ్మిదో పేజీలో రెండో ఆవిడ. పదకొండులో మూడో ఆవిడ. కుడివైపు పేజీకి ఒకరు చొప్పున, మైకు ముందు ఎలా నిలబడ్డామో అలాగే నిలబెట్టావు. ఆరోది ఎక్కడ వస్తుందో లెక్కపెట్టుకున్నాను. పదిహేడో పేజీ. సరిగ్గా నడిమధ్య కాగితం. పేరంటే వాక్యం కాదని నీ తెలివి. ఎవరి పోలిక వచ్చిందో నీకు.

కోపంతో మొహం మండిపోయింది. అయినా పని పని. నలభైకీ పిన్ను కొట్టి పెద్దకత్తికి ఇచ్చాను. ఆయన కట్టని కత్తి కింద పెట్టి, కొలత చూసి, "ఇది చూశారా" అన్నాడు. మందపాటి కాగితం కావాలని మొదటి ఉత్తరంలోనే రాశావు. నేను చదివి కూడా వదిలేశాను, అందుకు నన్ను అనాలి. మందపాటి కాగితాలు ఒకదాంట్లో ఒకటి దోపితే లోపలివి బయటికి తోసుకొస్తాయి. ఎంత లోపలుంటే అంత ముందుకి. అందుకే చివర్లో అంచు కోసి సమానం చేస్తాం. నువ్వేమో పేర్లన్నీ ఆ అంచు మీదే నిలబెట్టావు. అంచు కోస్తే బయటి పేజీల పేర్లకి ఏమీ కాదు. నడిమి రెండూ పూర్తిగా పోతాయి, వాటి పక్కవి రెండూ సగం తెగుతాయి.

నిజం చెప్తాను. ముందు నాకు హాయిగా అనిపించింది. నన్ను తీసెయ్యమని నేను నిన్ను అడగక్కర్లేదు, కత్తే తీసేస్తుంది. ఎవరి తప్పూ కాదు. "వెయ్యనా?" అన్నాడు పెద్దకత్తి. వెయ్యమనడానికి నోరు తెరిచాను. రాలిన పట్టీల మీద నేను నీకు ఉత్తరాలు రాస్తాను కదా. రేపు ఏదో ఒక పట్టీ తిప్పితే దాని వెనక నా పేరు ఉంటుందని తట్టింది. దాని మీదే నీకు ఏదో కబురు రాసి, అంకె వేసి, పోస్టు చేస్తాను. అదెందుకో భరించలేకపోయాను.

"ఆపండి" అన్నాను. కట్ట లాగేసుకున్నాను. "ఇరవై రెండేళ్ళలో అంచు కొయ్యని పుస్తకం ఈ గుమ్మం దాటలేదు, మన పరువేం కాను?" అన్నాడు. "ఆ ఆరో పేరు నాది" అన్నాను. ఆయనకి అది కొత్త సంగతి. పుస్తకం తెరిచి చూశాడు, నన్ను చూశాడు. పైనా కిందా మాత్రం కోసి ఇచ్చాడు.

కాబట్టి నీ పత్రిక ముందు అంచు గరుగ్గా, ఎగుడుదిగుడుగా ఉంటుంది. నడిమి కాగితం అట్టని దాటి బయటికి వస్తుంది. జడ్జీలు తిడితే మా అత్త తప్పని చెప్పు. నా పేరు చెప్పి మరీ చెప్పు.

అత్త

* * *

హాస్టల్
డిసెంబర్ 13

అత్తయ్యా,

తొందరలో రాస్తున్నాను, రాత సరిగ్గా లేకపోతే సర్దుకో.

నిన్న ఉదయం బస్సు గంటన్నర లేటు. కట్ట విప్పేసరికి పది దాటింది. నీ ఉత్తరం నడుస్తూనే చదివాను. గీతల సార్ ఒక ప్రతి తీసుకుని, ఆ అంచు చూసి ముక్కున వేలేసుకున్నాడు. "ఇంత తప్పు కొలత మూడేళ్ళలో చూడలేదు. మొదటి ఏడాది వాళ్ళు కూడా చెయ్యరు" అన్నాడు. చెప్పడానికి టైం లేదు, లోపలికి పిలిచారు.

ముగ్గురు. ఒక పెద్ద పత్రిక సంపాదకురాలు, పుస్తకాల షాపు ఆయన, మా ప్రిన్సిపాల్. ముగ్గురి ముందూ ఒక్కో ప్రతి పెట్టాను. షాపు ఆయన పుస్తకం తీసుకుని, కొనేవాళ్ళు చేసినట్టే బొటనవేలితో అంచు మీద నిమిరాడు. నడిమి కాగితం బయటికి ఉంది కదా, వేలు దానికే తగిలింది. పుస్తకం అక్కడే తెరుచుకుంది. సంపాదకురాలిదీ అక్కడే తెరుచుకుంది. ప్రిన్సిపాల్‌దీ అంతే. అత్తయ్యా, ముగ్గురి చేతుల్లోనూ నీ పేజీయే.

"అంచు కొయ్యడం మర్చిపోయారా?" అంది సంపాదకురాలు. నేర్చుకున్న ఉపన్యాసం ఒక్క ముక్క గుర్తుకు రాలేదు. "కోస్తే వీళ్ళు పోతారండి" అన్నాను. ఎవరని అడిగింది. చెప్పాను. పదకొండు మంది అని, ఒకే మైకు అని, అట్ట మీద బృందం అని వేసేవారని. ఆవిడ ఏడో పేజీకి తిప్పి పేర్లు పైకి చదవడం మొదలుపెట్టింది. ఒక్కో పేజీ తిప్పుతూ, నెమ్మదిగా. ఆరో పేరు దగ్గరికి వచ్చేసరికి నాకు ఏడుపు ఆగలేదు. "ఈవిడ ఎవరు?" అంది. "మా అత్తయ్య. ఈ పుస్తకానికి పిన్ను కొట్టింది ఆవిడే" అన్నాను.

మొదటి స్థానం మనదే. ఊరికే మొదటి స్థానం కాదు, ముగ్గురూ ఒకే మాట మీద. బృందం మూడు నెలలకోసారి వస్తుంది. దుకాణాల్లో ఉంటుంది. షాపు ఆయన ఒక షరతు పెట్టాడు, ప్రతి సంచికా కొయ్యని అంచుతోనే రావాలట, "జనం వేలికి తగిలితే అమ్ముడుపోతుంది" అన్నాడు. సంపాదకురాలు మీ షెడ్డు అడ్రసు రాసుకుంది. బైండింగ్ ఇంకెవరికీ ఇవ్వదట.

గీతల సార్ బయట నిలబడి అంతా విన్నాడు. జేబులోంచి స్కేలు తీసి నా చేతిలో పెట్టాడు. "నా దగ్గర ఉండి లాభం లేదు" అన్నాడు. ఆయనకి మెచ్చుకోవడం రాదు, అంతకంటే ఏం అనగలడు.

నాన్నకి ఒక ప్రతి పంపాను. ఏ పేజీ చూడాలో చెప్పలేదు.

నీ మేనకోడలు

* * *

బైండింగ్ షెడ్డు
డిసెంబర్ 22

నా తల్లీ,

నీ ఉత్తరం షెడ్డులో అందరి ముందూ పైకి చదివాను. మెషిన్లన్నీ ఆపించి మరీ చదివాను. మొదటి స్థానం దగ్గర పెద్దకత్తి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, కాగితం దుమ్మట. ఇప్పుడు ఎవరు వచ్చినా "అంచు కొయ్యకూడదని కనిపెట్టింది నేనే" అని చెప్పుకుంటున్నాడు. చెప్పుకోనీ. పేజీలో నేను అడుగు ముందుకి వచ్చానని ఆ రికార్డిస్టు గారికి నా మాటగా చెప్పు. వెనక్కి జరపమంటే ఇంక జరగను.

మీ నాన్న మొన్న ఫోన్ చేశాడు. మోతలో వినపడదని తెలిసి బయటికి రమ్మన్నాడు. ఫోన్ పట్టుకుని బయటికి వెళ్ళాను. "అక్కా, కనిపించావు" అన్నాడు. ముప్పై ఏళ్ళు పట్టింది వాడికి. నీ చదువు గురించి వాడు ఇంక నోరెత్తడు, నాది హామీ.

రెండో సంచికకి కాగితం పల్చటిది తియ్యకు. ఈ మందమే ఉండాలి.

ఇంక అసలు సంగతి. ఆదివారం అమ్మ పక్కన కూర్చుని పుస్తకం ఒళ్ళో పెట్టాను. చూపు బాగా తగ్గింది కదా, వేళ్ళతో తడిమింది. "అంచు కోయించలేదేమే, బద్ధకమా?" అంది. "నిమిరి చూడు" అన్నాను. నిమిరితే నడిమధ్యకి తెరుచుకుంది. అమ్మ వేలు పట్టుకుని నా పేరు మీద పెట్టాను. "ఇక్కడమ్మా" అన్నాను. ఆనాడు రికార్డు అట్ట చూసి ఏమడిగిందో ఆవిడకీ గుర్తుంది. వేలు తియ్యకుండా "ఏదీ, పాడు" అంది.

పాడాను. ఇన్నేళ్ళ తర్వాత, ఆ మొదటి పాటలో నేను పాడిన ముక్క. మాటలు లేవు, ఊరికే ఒక ఆలాపన, ఊపిరి రెండుసార్లు తీసుకునేంత. అయిపోయింది. అమ్మ ఇంకా వస్తుందేమోనని ఎదురు చూసింది.

"మిగతా పాట ఏదే?" అంది.

"మిగతాది వేరేవాళ్ళదమ్మా. నాది ఇంతే."

అమ్మ తల ఊపింది. "నీది ఇంకోసారి పాడు" అంది. పాడాను.

అత్త